పేర్ల వరుసలో దేవుని కృప

కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త ఆరంభించునప్పుడు చాలామంది మొదటి 17 వచనములు విడిచిపెట్టి, యేసు జననము దగ్గర మొదలుపెట్టుదురు. నోరు తిరగని పేర్లు చదివి ప్రయోజనమేమి అనుకొందురు. ప్రియులారా, క్రొత్త నిబంధన ఆరంభమగునది ఆ పేర్లతోనే. గనుక మనము అక్కడ కొంచెము నిలిచి చూతము.

యూదులు సాధారణముగా వంశావళిని తండ్రుల వరుసలో వ్రాసికొనిరి. మత్తయి అయితే మరియ గాక మరి నలుగురు స్త్రీలను చేర్చెను. పేరొందిన శారా, రిబ్కా, లేయా అందులో లేరు. ఉన్నవారెవరు? తామారు తన మామయైన యూదావలన గర్భవతియైనది (ఆది. 38). రాహాబు యెరికో పట్టణపు వేశ్య. రూతు మోయాబు దేశపు విధవరాలు. బేత్లెహేము పొలములలో పరిగె ఏరుకొని అత్తను పోషించినది. నాలుగవ ఆమెను మత్తయి ఊరియా భార్య అనియే చెప్పెను. రాజవంశము గదా అని దావీదు పాపమును కప్పిపుచ్చలేదు.

మోయాబీయులు పదియవ తరమువరకు సమాజములో చేరకూడదని ధర్మశాస్త్రము చెప్పెను (ద్వితీ. 23:3). చెరనుండి తిరిగివచ్చిన యాజకులలో కొందరు వంశావళిలో తమ పేర్లు చూపలేక యాజకత్వమునకు దూరమైరి (ఎజ్రా 2:62). వంశమును ఇంత పట్టుగా చూచు జనములో, నయోమి దేవుని ఆశ్రయించిన రూతు దావీదు తాతకు తల్లి ఆయెను.

జెరుబ్బాబెలు తరువాత అబీహూదు మొదలుకొని యాకోబు వరకు తొమ్మిది పేర్లున్నవి. వారేమి చేసిరో బైబిలు చెప్పదు. సింహాసనము లేదు, కీర్తి లేదు. అయినను వారిలో ఒక్కరు లేకున్నను ఈ వరుస యోసేపు వరకు చేరదు. కూలికి పోయి, బిడ్డలను ప్రభువులో పెంచుచున్న తల్లిదండ్రులారా, మీ దినములు వ్యర్థము కావు. మా పెద్దలు ప్రభువును ఎరుగరే అని దిగులుపడు సహోదరుడా, అబ్రాహాము తండ్రి తెరహు కూడ అన్యదేవతలను పూజించినవాడే (యెహో. 24:2).

మన సంఘముల సంగతి ఏమి? ఒకే బల్లయొద్ద ఒకే రొట్టె తిందుము. సంబంధము చూచునప్పుడు మాత్రము కులమేది, తల్లి ఎటువంటిది అని ముందుగా విచారింతుము. భర్త చనిపోయిన కోడలిని శుభకార్యములో వెనుక నిలుపుదుము. ఈ కొలత పెట్టినయెడల యేసుప్రభువు వంశమువారే మన గడప తొక్కలేరు!

మేము కోరునదేమనగా, ఈ వారము మీ బిడ్డలచేత ఆ 17 వచనములు బిగ్గరగా చదివించుడి. తడబడినను చదవనియ్యుడి. తరువాత మీ తాత అవ్వల పేర్లు చెప్పి దేవునికి స్తోత్రము చెల్లించుడి. వంశమును బట్టి మీరు దూరముంచిన యిల్లు ఏదైన ఉన్నయెడల, ఆ యింటివారి పేర్లును ప్రార్థనలో చేర్చి, మరునాడు వారి గుమ్మమునకు వెళ్లుడి.