పిల్లల్ని పాటిదిబ్బకు తీసుకెళ్లండి, గునపం ఇంట్లో వదిలేయండి

పల్నాడులో చాలా ఊళ్ల పక్కన ఒక పాటిదిబ్బ ఉంటుంది. ఎప్పుడో జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఊరి మిగులు అది. బూడిద రంగు మన్ను, కుండ పెంకులు, ఎముక ముక్కలు, అదృష్టం బాగుంటే ఒక పూస. ఆ పాటిమన్నును బండ్లకెత్తి చేలకు తోలుకోవడం రైతులకు తరాల నాటి అలవాటు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే మెటల్ డిటెక్టర్ వస్తోంది. సెలవులకు దిగిన మేనల్లుళ్లనో, అన్న పిల్లలనో వెంటబెట్టుకుని దిబ్బ మీద దాన్ని తిప్పాలన్న సరదా ఎవరికైనా పుడుతుంది. సెల్‌ఫోన్ పక్కన పడేసి పిల్లలు నేల వైపు చూస్తారంటే వద్దనడానికి మనసొప్పదు. అయినా వద్దనే అంటాను. యంత్రం మీద నాకు కోపం లేదు. అది కూయగానే గునపం దించి వస్తువును పెకలించడం మీదే నా అభ్యంతరమంతా. వస్తువు చేతికొస్తుంది గానీ, అది ఎంత లోతున, ఏ పొరలో, దేని పక్కన ఉందో ఆ ఆనవాలు అక్కడికక్కడే చెరిగిపోతుంది. దాన్ని మళ్లీ రాబట్టడం ఎవరి తరమూ కాదు.

ఇందుకు సాక్ష్యం కోసం జిల్లా దాటక్కర్లేదు. అమరావతిలో జనం దీపాలదిన్నె అని పిలుచుకున్న దిబ్బ కింద మహాచైత్యం ఉండేది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తుండగా, ఇటుకల కోసం, నిధి మీద ఆశతో ఆ దిబ్బను తవ్వారు. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన పలకలు కొత్త కట్టడాల్లోకి వెళ్లిపోయాయి. ఆ రోజుల్లోనే ఒకసారి చూసి వెళ్లిన సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు గుంట కనిపించింది. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం చెన్నై, లండన్ మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. కానీ ఏ పలక ఎక్కడ నిలిచేదన్న దాని మీద పండితులు నేటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. నాగార్జునకొండది దీనికి పూర్తిగా తలకిందుల కథ. సాగర్ నీళ్లలో లోయ మునగక తప్పదని తేలాక, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ భారీ తవ్వకాలు జరిపి, దొరికిన కట్టడాలను కొలిచి, గీసి, రాసిపెట్టింది. ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీటిపాలైంది. అయినా కోట ఏ వైపు ఉండేదో, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం ఎక్కడుండేదో, మెట్ల వరసల క్రీడాంగణం ఎలా ఉండేదో మనకు తెలుసు. చోటు మిగిలిన అమరావతి కన్నా చోటే లేకుండా పోయిన విజయపురి గురించి ఇంత వివరంగా మాట్లాడుకోగలుగుతున్నామంటే, అది ఆ రాతల పుణ్యమే.

విజయపురి తవ్వకాల్లో బయటపడిన ఒక కంసాలి దుకాణాన్ని చూడండి. అక్కడ బోర్డు లేదు, శాసనం లేదు. మట్టి మూసలు, గీటురాయి, ఇనప రోకలి, తూకపు రాళ్లు, నగల అచ్చులు ఒకేచోట దొరకబట్టి అది కంసాలి కొట్టని పోల్చుకున్నారు. అదే చోట డిటెక్టర్ తిప్పి ఉంటే అది కూసేది ఇనప రోకలి దగ్గర మాత్రమే. తుప్పు పట్టిన ఆ ముక్కను తీసినవాళ్లు విసుక్కుని అవతల పారేసేవాళ్లు. మట్టినీ రాయినీ ఆ యంత్రం పట్టించుకోదు. పాత ఊరి బతుకంతా మట్టిలో, రాతిలో, ఎముకలో, గవ్వలో ఉంటే, మనం లోహపు కూత ఒక్కటే వింటూ పోతాం. ఇక శాతవాహనుల, ఇక్ష్వాకుల నాణేల్లో చాలా మటుకు సీసానివి. ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయిని చిహ్నం. సీసం మెత్తన. పైన పట్టిన తెల్లటి పొరను పిల్లవాడు ఉత్సాహం కొద్దీ గోటితోనో మేకుతోనో గీకితే, అంచున ఉన్న రాజు పేరులో రెండక్షరాలు దాంతో పాటే రాలిపోతాయి.

బ్రిటన్‌లో మామూలు జనమే డిటెక్టర్లతో చరిత్రను వెలికి తీయడం లేదా అని అడిగేవాళ్లున్నారు. తీస్తున్నారు. 2009లో స్టాఫర్డ్‌షైర్ బంగారు నిధి అలా బయటపడిందే. కానీ అక్కడ 1997 నుంచి దొరికిన వస్తువుల నమోదుకంటూ ఒక వ్యవస్థ నడుస్తోంది, దాని అధికారులు ప్రాంతాల వారీగా ఉంటారు, అలా నమోదైనవి పది లక్షలు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం నాగలి ఇదివరకే కలియబెట్టిన పైమట్టిలోవి. ఆ ఏర్పాటు లేకుండా ఆ యంత్రాన్ని మాత్రం తెచ్చుకుంటే సగం అరువే అవుతుంది. మనం తీయకపోతే గుప్తనిధుల ముఠాలు ఎత్తుకుపోతాయి కదా అన్నది ఇంకో మాట. ఆ భయం నిజమే, పల్నాడులో దాన్ని కొట్టిపారేయలేం. కానీ దిబ్బలో ఏదో ఉందన్న కబురు ఊళ్లోకి మోసుకొచ్చేది మన పిల్లల చేతిలోని నాణెమే. ఆ రాత్రే ముఠా దిగదని ఎవరు పూచీ? దొరికిందంతా సర్కారు లాక్కుంటుందన్న అపోహ ఒకటి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. సొంతదారు తేలకపోతే దొరికినవారికి, భూమి యజమానికి వాటా దక్కే దారి కూడా అందులోనే ఉంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఇక రక్షిత స్థలానికి నష్టం చేస్తే, ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణతో శిక్ష రెండేళ్ల దాకా పెరిగింది.

అలాగని పిల్లల్ని దిబ్బ గడప తొక్కనివ్వొద్దనడం నా ఉద్దేశం కాదు. నిజానికి వాళ్లను తీసుకెళ్లడం మన బాధ్యత. పాటిమన్ను తోలుకోగా మిగిలిన గోడలాంటి అంచు దగ్గర నిలబెట్టి, బూడిద పొర ఎక్కడ ఆగిందో, ఇటుక పొర ఎక్కడ మొదలైందో వేలు పెట్టకుండా చూడమనండి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు కనిపిస్తే, కుండను బోర్లించి కాలిస్తే గాలి ఆడని లోపలి వైపు నల్లబడుతుందని చెప్పండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, పెంకును ఉన్నచోటే ఉంచమనండి. నాగార్జునకొండ లోకానికి తెలిసింది ఇలాంటి చూపు వల్లనే. సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడొక పాత స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. 1926లో శాసన విభాగం నుంచి సరస్వతి అనే ఉద్యోగి వచ్చి చూశారు. ఆ ఉపాధ్యాయుడి చేతిలో ఏ యంత్రమూ లేదు.

డిటెక్టర్‌కూ ఒక చోటుంది. అమెరికాలో 1876 నాటి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో కార్చిచ్చు గడ్డిని కాల్చేసింది. మరుసటి ఏడాది పురావస్తు శాస్త్రవేత్తలు వాలంటీర్ల చేత డిటెక్టర్లు పట్టించి, కూసిన ప్రతిచోటా జెండా పాతించి, కొలతలు తీశాకే తూటాలను బయటికి తీశారు. ఖాళీ తూటా గొట్టాల మీది గుర్తులను బట్టి ఏ తుపాకీ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చెప్పగలిగారు. మన కారంపూడికి, నాగులేటి ఒడ్డుకు ఈ పద్ధతి అక్కరకొస్తుంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం గురించి కావ్యం ఉంది, వీరుల గుడి ఉంది, ఏటా ఉత్సవం ఉంది. ఆ పొలాల్లో బాణపు ములుకులు ఎటు వైపు ఒత్తుగా ఉన్నాయో చూపే పటం కూడా ఉండాలి. రాష్ట్ర పురావస్తు శాఖ అనుమతితో, పొలం యజమాని ఒప్పుకోలుతో, కారంపూడి, గురజాల, మాచర్ల బడుల పిల్లలకు జెండాలు, టేపులు, నోటుపుస్తకాలు ఇచ్చి, శిక్షణ ఉన్నవాళ్ల వెనకాల నడిపించవచ్చు. తవ్వే పని మాత్రం ఆ శిక్షణ పొందినవాళ్లదే.