బావి నీటి గుణం – రాతి పొరల ప్రభావం

పుదుచ్చేరి పట్టణంలోని కోసపాళయంలో బోరు వేసినచో పైకి వచ్చునది ఇసుక, బంకమన్ను. నల్గొండ ప్రాంతంలో వేసినచో వచ్చునది రాతిపొడి. రెండు చోట్లా నీరు కంటికి తేటగానే కనిపించవచ్చు. కాని ఆ నీరు త్రాగి పెరిగే పిల్లల పళ్ళు, ఎముకల విషయంలో ఎంతో తేడా రావచ్చును. దీనికి మూలం నేల అడుగున ఉన్న రాతి పొరలే. మన కుటుంబాలన్నింటికీ పనికివచ్చే ఈ విషయాన్ని క్లుప్తంగా వివరించదలచాము.

గ్రానైటు నేలలు

నల్గొండ నేల అడుగున ఉన్నవి అతి ప్రాచీనమైన గ్రానైటు శిలలు. వాటిలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ కలదు. వాననీరు రాతి పగుళ్ళలోకి దిగి, ఏళ్ళ తరబడి నిలిచి, వాటినుండి ఫ్లోరైడును కొద్దికొద్దిగా గ్రహిస్తుంది. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉన్నంతవరకు అది ఫ్లోరైడును హద్దులో ఉంచుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన నేలలలో కాల్షియం సున్నపు గులకలుగా పేరుకొని నీటినుండి విడిపోతుంది. నీటికి క్షారగుణం పెరుగుతుంది. ఇక ఫ్లోరైడుకు అడ్డు ఉండదు. లోతు పగుళ్ళలోని నీరు సాధారణంగా రాతితో ఎక్కువ కాలం కలిసియున్న నీరు. కనుక బోరును మరింత లోతుకు దింపుట ఒక్కొక్కప్పుడు కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది.

తెలుగునాట అనుభవం

1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి ఎముకల ఫ్లోరోసిస్ వ్యాధి వైద్యలోకం దృష్టికి వచ్చింది. తరువాతి కాలంలో నాగపూరులోని ‘నీరి’ సంస్థ సున్నం, పటిక, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చే ‘నల్గొండ పద్ధతి’ని రూపొందించింది. శుద్ధిచేసిన కృష్ణా నదీజలాలను గొట్టాల ద్వారా గ్రామాలకు అందించుట మరొక పరిష్కారమైనది.

కోసపాళయం మాటేమిటి?

పుదుచ్చేరి తీరప్రాంతంలో ఉన్నవి ఒండ్రు మేటలు, కడలూరు ఇసుకరాయి వంటి అవక్షేప పొరలు. ఇసుకలో అధికభాగమైన క్వార్ట్జ్‌లో ఫ్లోరిన్ లేదు. కనుక గ్రానైటు నేలలతో పోల్చినచో ఇట్టి పొరలలో ప్రమాదం సాధారణంగా తక్కువ. అంతమాత్రాన నిశ్చింతగా ఉండరాదు. బంకమన్ను పొరల మధ్య చిక్కుకొన్న లోతు నీటి గుణం పైపొర నీటికి భిన్నంగా ఉండవచ్చును. మితిమీరి తోడినచో తీరపు బావులకు సముద్రపు ఉప్పునీటి బెడద కూడా కలదు.

మనం చేయవలసినది

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. రుచినిబట్టి దీనిని కనిపెట్టలేము. కాచినందువల్ల ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరినకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు శాశ్వత దంతాలు చిగుళ్ళలోనే రూపొందుతూ ఉంటాయి. ఆ వయసులో ఏర్పడిన మచ్చలు తరువాత మంచినీరు త్రాగినా తొలగవు.

కావున కొత్త బోరు వేసినపుడు, పాతదానిని లోతు చేసినపుడు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను. ప్రక్కింటి బావి నీరు మంచిదైనంత మాత్రాన మన బావి నీరు కూడా మంచిదని తలచరాదు. పిల్లలున్న ప్రతి ఇంటా ఈ జాగ్రత్త పాటించగలరని మా మనవి.