ఇంట్లో ఫొటోలు ప్రింట్ తీసుకోవడానికి ఆల్-ఇన్-వన్ ప్రింటర్ కొంటున్నారా? ముందు ఇది వినండి

ఫోన్లో వేల ఫొటోలు ఉంటాయి, ఇంట్లో గోడ మీద ఒక్కటీ ఉండదు. అందుకే చాలామంది నన్ను అడుగుతున్నారు, "ఫొటోలు ఇంట్లోనే తీసుకోవాలి, స్కానర్, జిరాక్స్ కూడా అందులోనే ఉండాలి, ఏ ప్రింటర్ కొనమంటారు?" అని. మోడల్ పేరు చెప్పేస్తే రెండు నిమిషాల్లో ఈ వీడియో అయిపోతుంది. కానీ నేను ఒకసారి అలా పేరు విని కొనేసి దెబ్బతిన్నాను. అది చెప్పి మొదలుపెడతాను.

మా తాతయ్యది ఇంట్లో ఒకే ఒక్క మంచి ఫొటో ఉండేది. బ్లాక్ అండ్ వైట్, అంచులు పసుపెక్కిపోయాయి. ఆయన సంవత్సరీకానికి పెద్దది చేయిద్దామంటే, దాన్ని స్టూడియోకి పంపడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. "పోతే మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తావురా?" అంది. సరే అని మూడున్నర వేలు పెట్టి కార్ట్రిడ్జ్‌తో పనిచేసే ఆల్-ఇన్-వన్ ఒకటి కొన్నాను. ఫొటో స్కాన్ చేశాను, బ్రహ్మాండంగా వచ్చింది. ఆ హుషారులో ఓ పది ఫొటోలు ప్రింట్ తీసి, ఆ తర్వాత ఎండాకాలం మొత్తం దాని మొహం చూడలేదు. సంవత్సరీకం ముందు రోజు రాత్రి ఆన్ చేస్తే తాతయ్య మొహం మీద అడ్డంగా తెల్లగీతలు. రెండోసారి తీస్తే మనిషంతా ఆకుపచ్చగా వచ్చాడు. హెడ్ క్లీనింగ్ మూడుసార్లు నొక్కాను. గీతలు పోలేదు కానీ ఇంక్ అయిపోయింది. పొద్దున్నే స్కాన్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్టూడియోకి పరిగెత్తితే పావుగంటలో ప్రింట్ ఇచ్చేశారు.

అంటే ఆ రోజు నన్ను కాపాడింది స్కానర్, ముంచింది ప్రింటర్. దీని వెనక కారణం తెలిస్తే మీకు ఏది కావాలో మీరే తేల్చుకోగలరు.

ఇంక్‌జెట్ హెడ్‌లో కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు ఉంటాయి, నాజిల్స్ అంటారు. వాడకపోతే వాటి దగ్గర ఇంక్ ఎండిపోతుంది. క్లీనింగ్ అంటే లోపలి ఇంక్‌ని బలవంతంగా లాగి ఆ అడ్డు తీయడమే. ఆ లాగిన ఇంక్ అంతా మెషిన్ లోపల ఒక ప్యాడ్‌లోకి పోతుంది. ప్యాడ్ నిండితే చాలా ప్రింటర్లు ఇక పని చేయమని మొండికేస్తాయి. దాన్ని మనమే మార్చుకునే వీలుందా, సర్వీస్ సెంటర్‌కి మోయాలా అన్నది కొనేటప్పుడే అడగండి. ఇంకో విషయం, ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆఫ్ చేయాలి. అప్పుడే హెడ్ తన మూత కిందకి వెళ్లి కూర్చుంటుంది. మధ్యలో గోడ స్విచ్ తీసేస్తే మూత పడక ఇంకా తొందరగా ఎండుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్న బడ్జెట్ ఎంత అని కాదు, వారానికి ఒక్కసారైనా కలర్ ప్రింట్ తీస్తారా అని. తీస్తాం అంటే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొనండి. కొనేటప్పుడు రేటు ఎక్కువే, కానీ తర్వాత ఇంక్ ఖర్చు బాగా తగ్గుతుంది. అప్పుడప్పుడూ అంటే నా లెక్క చూడండి. ఏడాదిలో నేను తీసినవి 40 ఫొటోలు. కార్ట్రిడ్జ్ సెట్ 1,400 రూపాయలు, రెండుసార్లు కొన్నాను. ఒక్కో ఫొటోకి ఇంక్‌కే 70 రూపాయలు! మా ఊరి స్టూడియోలో 4×6 ప్రింట్ 15 రూపాయలు. డబ్బా మీద "ఇన్ని వేల పేజీలు" అని రాసి ఉంటుంది కదా, అది చూసి మోసపోకండి. ఆ లెక్క ఎక్కువగా ఆఫీసు పేజీల్లాంటి టెస్ట్ పేజీలతో వేసింది. వాటిలో సగానికి పైగా తెల్ల కాగితమే. ఫొటోలో అంగుళం ఖాళీ లేకుండా ఇంక్ పడుతుంది.

కార్ట్రిడ్జ్ రకానికి ఒక మంచి గుణం కూడా ఉంది. చవక మోడళ్లు చాలావాటిలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది. ఎండిపోతే కొత్తది వేస్తే హెడ్ కూడా కొత్తదే. ట్యాంక్ ప్రింటర్‌లో హెడ్ మెషిన్‌కి ఉంటుంది, పాడైతే ఖర్చు పెద్దది. ఇక కలర్ లేజర్ ఎండదు గానీ ఫొటోలకి పనికిరాదు. ఇంక్‌జెట్ ఫొటో పేపర్ అందులో పెట్టారంటే ఆ వేడికి పైపూత కరిగి లోపల అతుక్కుంటుంది, జాగ్రత్త.

ఇప్పుడు రంగుల సంగతి. తాతయ్య ఆకుపచ్చగా ఎందుకొచ్చాడు? ఇంక్‌లో రెండు రకాలు. డై ఇంక్ నీళ్లలో చక్కెర కరిగినట్టు కరిగి ఉంటుంది, గ్లాసీ పేపర్‌లోకి చక్కగా ఇంకుతుంది. పిగ్మెంట్ ఇంక్ నీళ్లలో పసుపు కలిపినట్టు, సన్నటి రేణువులు. అక్షరాలకి బాగుంటుంది, తడి తగిలినా చెదరదు. చాలా నాలుగు రంగుల ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్‌ది. గ్లాసీ పేపర్ పెట్టగానే ప్రింటర్ దాన్ని పక్కనపెట్టి, మిగతా మూడు రంగులు కలిపి నలుపు తయారుచేస్తుంది. ఆ మూడింట్లో ఒక్క నాజిల్ మూసుకున్నా బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి ఏదో ఒక రంగు అంటుకుంటుంది. అందుకే ఫొటోలే ముఖ్యమైతే ఆరు రంగులది చూడండి. ఎప్సన్ ఎల్8160లో ఫొటో నలుపు, బూడిద రంగు ఇంక్‌లు విడిగా ఉంటాయి. కెనాన్ జీ670లో బూడిద, ఎరుపు అదనం. రెండూ ఆల్-ఇన్-వన్ ట్యాంక్ ప్రింటర్లే. ప్రాజెక్టులు, హాల్ టికెట్లు ఎక్కువ, ఫొటోలు తక్కువ అయితే మాత్రం నాలుగు రంగులే చాలు, ఊరికే డబ్బు తగలేయకండి.

స్కానర్ గురించి కంపెనీలు పెద్ద పెద్ద డీపీఐలు రాస్తాయి. పాత ఫొటోకి 600 సరిపోతుంది. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఇంక్ అయిపోయినా స్కాన్ చేస్తుందా? కొన్ని మోడళ్లు చేయనివ్వవు!

ఇక మన ఫోన్ తప్పులు. 4×6 ప్రింట్ బాగా రావాలంటే అంగుళానికి 300 చొప్పున 1800×1200 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు సుమారు 1600 దగ్గర ఆగిపోతుంది. చిన్న ప్రింట్‌కి పర్లేదు, ఏ4కి వేస్తే మసకే. డాక్యుమెంట్‌గా పంపించుకోండి. పైగా ఫోన్ ఫొటో 4:3, పేపర్ 3:2. అంచుల దాకా నింపితే ఎత్తులో అర అంగుళం ఎగిరిపోతుంది, అంటే గ్రూప్ ఫొటోలో వెనక నిల్చున్న మామయ్య తల! ప్రింట్ నొక్కే ముందే క్రాప్ చేసుకోండి. పేపర్ మార్చినప్పుడు సెట్టింగ్‌లో పేపర్ రకం కూడా మార్చండి. గ్లాసీ పెట్టి ప్లెయిన్ అని వదిలేస్తే రంగులు ఎంత మంచి ప్రింటరైనా పాడే.

షాపులో ఎల్ఈడీ లైట్ల కింద వాళ్ల చిలక ఫొటో ప్రింట్ చూసి కొనకండి. మీ ఇంటి ఫొటో ఒకటి, కుదిరితే బ్లాక్ అండ్ వైట్‌ది, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి తీయమనండి. బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి.

నా పాత ప్రింటర్ ఇంకా ఇంట్లోనే ఉంది. ప్రింట్ రాదు, స్కాన్ అవుతుంది. పోయిన వారమే అమ్మ పెళ్లి ఆల్బమ్ మొత్తం దాని మీద స్కాన్ చేశాను. ప్రింట్లు మాత్రం స్టూడియోలోనే తీయిస్తున్నాను. వారానికోసారి తీసే అలవాటు నాకైతే లేదు మరి!