చౌరస్తాలో వైద్యపరీక్ష

నల్లకుంటలో ఉన్న జ్వరాల ఆస్పత్రిని పాత హైదరాబాదువాళ్ళు ఆ పేరుతో పిలవగా నేనెన్నడూ వినలేదు. "కోరంటి" అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో గోరింటకు చుట్టమేమో అనుకుంటారు. క్వారంటైన్ అన్న ఇంగ్లీషు మాట మన జనం నోట పడి, నలిగి నలిగి కోరంటి అయింది. నిజాం కాలంలో అంటురోగుల్ని విడిగా ఉంచడానికి పెట్టిన ఆస్పత్రి అది. కాబట్టి ఆ మాట మాకేం కొత్తది కాదు. అయితే కోరంటి అనేది రోగులకేనని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాం. 2020లో ఒకనాడు పొద్దున్నే లేచి చూసేసరికి చంపాపేట యావత్తూ కోరంటిలో ఉంది.

మార్చి 22 ఆదివారంనాడు జనతా కర్ఫ్యూ అన్నారు. సాయంత్రం ఐదింటికి డాబాలెక్కి గిన్నెలూ గరిటెలూ మోగించాం. పిల్లలకది పండగలా ఉంది. ఆ రాత్రికే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25వ తారీకు నుంచి దేశమంతటా 21 రోజులన్నారు. ఆ 21 రోజులు అలా అలా మే నెలాఖరుదాకా సాగాయి. ఆ రోజుల్లో కరోనా వచ్చినవాళ్ళ గురించి అందరూ రాశారు. నేను చెప్పబోయేది కరోనా రానివాళ్ళ సంగతి.

నిబంధనలు కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. సరుకులకోసం ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి పోరాదు. స్కూటరు మీద ఒక్కరే, కారులో ఇద్దరే వెళ్ళాలి. రాత్రి కర్ఫ్యూ. వైద్యానికి మాత్రం అభ్యంతరం లేదు, అత్యవసరమైతే. చిక్కంతా ఈ చివరి మాటలో ఉంది. అత్యవసరమో కాదో తేల్చేదెవరు? డాక్టరు తేల్చాలంటే ముందాయన దగ్గరికి వెళ్ళాలి కదా! అంచేత ఆ పని చౌరస్తాలో నిలబడ్డ కానిస్టేబులు నెత్తిన పడింది.

మా ఇంట్లో పైవాటాలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. పేరెందుకు లెండి, మాస్టారనే అందాం. మూత్రపిండాలు రెండూ చెడి నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నారు. ఆయన తన జబ్బును కూడా లెక్కల్లోనే చెప్పేవారు. "వారానికి 168 గంటలు. మీ మూత్రపిండాలు 168 గంటలూ పనిచేస్తాయి. నాకు ఆ మిషను ఇచ్చేది 12 గంటలు. అందులోంచి ఒక నాలుగు తీసేస్తే నేను ఫెయిలు." మామిడిపళ్ళ కాలంలో ఆయన బాధ చూడాలి. కొత్తపేటలో గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు అప్పుడు కూతవేటు దూరం. అయినా పండు ముట్టకూడదు. పండులో ఉండే పొటాషియం మామూలువాళ్ళకు మేలు. మూత్రపిండాలు లేనివాళ్ళకు అది బయటికి పోదు. పేరుకుపోయి గుండె ఆగినా ఆగవచ్చు.

లాక్‌డౌన్ పెట్టగానే ఆయన్ని తీసుకెళ్ళే ఆటో ఆగిపోయింది. బస్సుల్లేవు, మెట్రో లేదు. మా అబ్బాయికి స్కూటరుంది. కాని స్కూటరు మీద ఒక్కరే వెళ్ళాలి. రోగి నడపలేడు, నడపగలిగినవాడు రోగి కాడు! చివరికి నా పాత కారు బయటికి తీశాను. కారులో ఇద్దరే గనక మాస్టారమ్మగారు గేటు దగ్గర ఉండిపోయేవారు. మొదటిరోజే చౌరస్తాలో ఆపారు.

"ఎటు పోతున్నరు సార్?"

"డయాలిసిస్‌కి నాయనా."

"ఎమర్జెన్సీయా?"

వెనకసీటులోంచి మాస్టారు తల బయటికి పెట్టి, "ఇవాళ కాదు బాబూ. ఇవాళ వెళ్ళకపోతే ఎల్లుండికి అవుతుంది" అన్నారు.

ఆ కుర్రాడు నవ్వి పంపించేశాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి: పొద్దుటినుంచీ ఆ ఎండలో ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనేమీ అనలేను. కాని మాస్టారన్న మాటలో నాకు విషయమంతా కనిపించింది. షుగరూ, క్షయా, కేన్సరూ, మూత్రపిండాల జబ్బూ ఇవేవీ ఫలానా రోజున అత్యవసరం కావు. వేళకు మందు పడుతున్నంత కాలం ఇవి మామూలు జబ్బులు. వేళ తప్పితేనే అత్యవసరమయ్యేది. అప్పుడు వెళ్ళినా చేయగలిగేది తక్కువ.

ఏప్రిల్లో మాస్టారు వెళ్ళే కేంద్రంలో ఒక రోగికి కరోనా అని తేలి దాన్ని మూసేశారు. మరోచోటికి వెళ్తే, కరోనా లేదని కాగితం తెస్తే చేర్చుకుంటామన్నారు. కాగితం ఎక్కణ్ణించి తెస్తాం? ఈ రాష్ట్రంలో ప్రైవేటు లాబరేటరీలకు పరీక్ష చేసే అనుమతి వచ్చింది జూన్ నడిమికి. సర్కారు దవాఖానాకి వెళ్తే, "దగ్గుందా? జ్వరముందా? విదేశాలనుంచి వచ్చారా?" అని అడిగారు. మూడింటికీ లేదన్నాం. లేనివాళ్ళకి పరీక్ష లేదన్నారు. జబ్బు లేదని రుజువు చేసుకోడానికి జబ్బుండాలి! మాస్టారు అంతటి అవస్థలోనూ, "ఇది లెక్క తప్పు కాదు, ప్రశ్నే తప్పు" అన్నారు.

అలా ఆరు రోజులు గడిచాయి. కాళ్ళు స్తంభాల్లా వాచాయి. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి పడుకోనిచ్చేది కాదు. బల్లమీద దిండు వేసుకుని, దానిమీద తల ఆనించి, కుర్చీలోనే రాత్రులు వెళ్ళబుచ్చారు. మాస్టారమ్మగారు గ్లాసుతో కొలిచి నీళ్ళిచ్చేవారు. ఏడోనాడు ఎవరి కాళ్ళో పట్టుకుంటే ఒకచోట రెట్టింపు డబ్బుకి చేశారు. గండం గడిచింది. మాస్టారు మాత్రం మునుపటిలా మేడమెట్లెక్కలేదు, కిందివాటాకి మార్చాం.

మాది ఒక్క ఇంటి కథ. ఊరంతా ఏమైందో చూడండి. సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రిని ఏప్రిల్ నాటికి పూర్తిగా కరోనాకే కేటాయించారు. అక్కడికి వెళ్ళే మిగతా రోగులంతా ఉస్మానియాకి మళ్ళారు. జులై 15న వాన కొట్టి ఉస్మానియా పాతభవనం వార్డుల్లోకి నీళ్ళొచ్చాయి. మంచాలకింద మురుగునీళ్ళు పారుతున్న బొమ్మలు మీరూ చూసే ఉంటారు. ఆ నెలలోనే పాతభవనం ఖాళీ చేయించి మూసేశారు. ఒక పెద్దాస్పత్రి కరోనాకి పోయింది, దాని బరువు మోస్తున్న రెండోది సగం కుంటుపడింది. గాంధీలో మామూలు రోగుల్ని మళ్ళీ చేర్చుకోడం మొదలుపెట్టినా, 2021 ఏప్రిల్లో రెండోవిడత వచ్చి మళ్ళీ తలుపులు పడ్డాయి.

గద్వాల జిల్లా గర్భిణి ఒకామె సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 2020 ఏప్రిల్లో నొప్పులతో గద్వాల వెళ్తే మహబూబ్‌నగర్ పంపారు, అక్కణ్ణించి హైదరాబాదు. ఆమె ఊరు కరోనా ఉన్న ప్రాంతం కావడంతో ఒకరు ఇంకొకరి దగ్గరికి, వాళ్ళు మరొకరి దగ్గరికి పంపారు. ఆరు ఆస్పత్రులు తిరిగాక బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. పత్రికల్లో పడ్డాక హైకోర్టు విచారణకు తీసుకుంది.

రక్తం సంగతి మాకు మొదట తట్టలేదు. రక్తదాన శిబిరాలు పెట్టేది కాలేజీల్లోనూ, కంప్యూటరు కంపెనీల్లోనూ. అవి మూతపడ్డాయి. నిలవ రక్తం 42 రోజులకు మించి పనికిరాదు. తలసీమియా పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే మొహం పాలిపోయి నడవలేరు. మా వీధిలో అలాంటి పిల్ల ఒకతె ఉంది. శివరాంపల్లిలో తలసీమియా పిల్లలకోసం 1998లో స్థాపించిన సొసైటీ ఒకటి ఉందని, అక్కడ దాతలకోసం చూస్తున్నారని ఆ తల్లే చెప్పింది. మా వీధి కుర్రాళ్ళు నలుగురు పాసులు సంపాదించి వెళ్ళి ఇచ్చి వచ్చారు. అంతవరకు వాళ్ళు బేవార్సుగా తిరుగుతారని నా అభిప్రాయం!

దేశం లెక్కలు తర్వాత తర్వాత బయటికొచ్చాయి. 2019లో క్షయ ఉందని తేలినవాళ్ళు 24 లక్షలమంది. 2020లో 18 లక్షలే. క్షయ తగ్గిందని సంతోషించకండి. తేలనివాళ్ళు మందు లేకుండా ఇంట్లోనే దగ్గుతూ కూర్చున్నారు. దగ్గితే కరోనా అంటారని ఆ దగ్గు కూడా తలగడలో దాచుకున్నవాళ్ళున్నారు. 41 కేన్సరు ఆస్పత్రుల రికార్డులు చూస్తే, 2020 మార్చినుంచి మే దాకా వచ్చిన కొత్త రోగులు అంతకుముందటేడు అవే నెలల్లో వచ్చినవారికంటే నూటికి 54 మంది తక్కువ. పసిపిల్లల కంఠసర్పి, ధనుర్వాతం, కోరింతదగ్గు టీకా ఒక్క మోతాదైనా అందనివాళ్ళు దేశంలో 14 లక్షలనుంచి 30 లక్షలకు పెరిగారు. మా మనవరాలి తొమ్మిదోనెల టీకా కూడా రెండునెలలు ఆలస్యమైంది. ఈ పరిస్థితి మనకొక్కళ్ళకే కాదు. ఆ మొదటి ఉధృతి 12 వారాల్లో ప్రపంచం మొత్తమ్మీద 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు వాయిదా పడతాయని పరిశోధకులు అంచనా కట్టారు.

జబ్బులు అలా ఉంచండి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పరీక్షలకు చదువుకునే పిల్లల్ని మార్చి 25 ప్రాంతాల ఉన్నపళంగా ఖాళీ చెయ్యమన్నారు. వేలమంది పోలీసుస్టేషన్ల ముందు బారులు తీరి కాగితాలు తీసుకుని విజయవాడ దారి పట్టారు. తీరా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర అవతలి రాష్ట్రంవాళ్ళు ఆపేశారు. ఇక్కడ ఉండద్దు, అక్కడికి రావద్దు! తాగుడు అలవాటున్నవాళ్ళు దుకాణాలు బందై వణుకుతూ, భ్రమపడుతూ ఎర్రగడ్డ ఆస్పత్రికి క్యూ కట్టారు. మా ఆవిడకు మాత్రం ఆ నెలన్నరా మద్యం దుకాణాలు మూసి ఉండడమే లాక్‌డౌన్‌లోని ఏకైక సుగుణం. మే 6న తెరిచారు. బడులు తెరవడానికి మాత్రం తొమ్మిదో తరగతి పైవాళ్ళకే 2021 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. చిన్నపిల్లలకి ఇంకా ఆలస్యం. ప్రైవేటు బడి పంతుళ్ళు కూరగాయలు అమ్ముకోడం మా చంపాపేట రోడ్డుమీదే చూశాను. పెళ్ళిళ్ళతో కళకళలాడే మా ఫంక్షన్ హాళ్ళ గేట్లకి తాళాలు; వంటవాళ్ళూ, సన్నాయివాళ్ళూ, పూలవాళ్ళూ ఏమై పోయారో.

అయితే ఆంక్షలే అక్కర్లేదంటావా అని మీరడగవచ్చు. నేనలా అనను. మందూ టీకా తెలియని కొత్త రోగం వచ్చిపడితే, ఆస్పత్రుల్లో మంచాలూ ప్రాణవాయువూ సమకూర్చుకోడానికి కొంత వ్యవధి కావాలి. 2021 మేలో ప్రాణవాయువు సిలిండరుకోసం ఊరు ఊరంతా పరుగెత్తినప్పుడు ఆ వ్యవధి విలువ తెలిసింది. నా అభ్యంతరం వేరు. మనిషిని ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు వాడి మందూ, మిషనూ, రక్తమూ ఇంటికి ఎలా చేరతాయో, లేదా వాడే వాటి దగ్గరికి ఎలా చేరతాడో అదే కాగితంమీద రాసి ఉండవలసింది. పాలకీ, కూరగాయలకీ రాశారు. డయాలిసిస్‌కి వెళ్ళే ఆటోకి రాయలేదు.

నేర్చుకోలేదనీ అనలేను. ఫోనుమీద వైద్యం చెప్పవచ్చని మార్చి 25నే కేంద్రం నియమాలు ఇచ్చింది. మా ఆవిడ షుగరు డాక్టరు ఇప్పటికీ సగంసార్లు ఫోన్లోనే చూస్తాడు. 2021 మే 12న మళ్ళీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు ఇచ్చారు. మాస్టారి కేంద్రంవాళ్ళు కూడా తెలివితెచ్చుకుని, కరోనా ఉన్నవాళ్ళకి రాత్రిపూట విడిగా మిషను పెట్టారు. ఈసారి ఆయనకి ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆ నవంబరులో మాస్టారు పోయారు. గుండె ఆగిందన్నారు. ఆయనకి కరోనా ఎన్నడూ రాలేదు, రోజూ సాయంత్రం వచ్చే బులెటిన్ అంకెల్లో ఆయన లేరు. ఆ ఆరు రోజుల ఫలితమేనా అంటే చెప్పడానికి నేను డాక్టర్ని కాను. మాస్టారమ్మగారు మాత్రం ఆ ఆరూ కేలెండరులో సున్నాలు చుట్టి ఉంచుకున్నారు, నాకు చూపించారు.

మామిడిపళ్ళు అమ్మిన కొత్తపేట మార్కెట్టు స్థలంలో వెయ్యి పడకల ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. మా కాలనీవాళ్ళం అంతపని చెయ్యలేం గనక ఒక నోటుపుస్తకం పెట్టాం. ఏ ఇంట్లో ఎవరికి ఏ మందు, ఎన్నాళ్ళకోసారి, ఏ ఆస్పత్రి, ఎవరి కారు, రాత్రివేళ ఎవర్ని లేపాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. రాయించడం మాత్రం తేలిక్కాలేదు. పెళ్ళికావలసిన పిల్లలున్న ఇళ్ళవాళ్ళు జబ్బు పేరు చెప్పరు. మగవాళ్ళు తమకేమీ లేదంటారు. వెనకనుంచి ఇల్లాళ్ళు వచ్చి బీపీ అని రాయించి పోతారు. పుస్తకం మాస్టారమ్మగారి దగ్గర ఉంటుంది. నెలకోసారి ఇల్లిల్లూ తిరిగి సరిచూస్తారు. పోయిన నెల నా పేరుకింద కళ్ళజోడుతో చూసి, "అన్నయ్యగారూ, షుగరు పరీక్ష ఆర్నెల్లనుంచి లేదేం?" అని నిలదీశారు.