గూళ్ల పటం

ఆకాశంలో ఎగిరే పక్షికి ఊరుపేరు ఉంటుందా? ఈ రోజు మన చెరువులో మేత మేసిన పక్షి రేపు వందల మైళ్ల దూరంలో ఉండవచ్చు. మరి అది మన ఊరి పక్షో, పరాయి పక్షో తెలుసుకోవడం ఎలా? పక్షుల సంగతి తెలిసినవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "అది గూడు ఎక్కడ కడుతుంది?" గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా సాకే చోటే పక్షికి సొంత ఊరు.

పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో విస్తరించిన చిలికా సరస్సునే చూడండి. ఏటా శీతాకాలంలో అక్కడికి లక్షల పక్షులు వస్తాయి. జనవరిలో అటవీశాఖవారు, పక్షి ప్రేమికులు కలిసి వాటిని లెక్కిస్తారు. వీటిలో తలపై నల్లని పట్టెలు ఉండే పెద్దబాతులు మంగోలియా, టిబెట్టు ప్రాంతాలలో గూళ్లు కట్టుకొని, చలికి తాళలేక హిమాలయాలు దాటి వస్తాయి. ఎండలు ముదరకముందే తిరిగి వెళతాయి. అవి మనకు అతిథులు.

బరంపురానికి దక్షిణాన, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే గ్రామం ఉంది. తొలకరి వేళకు నత్తగుల్ల కొంగలు అక్కడి చింతచెట్ల మీద గుంపులుగా చేరి పుల్లలతో గూళ్లు అల్లుకుంటాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించడం ఈ కొంగ గుర్తు. వరిపొలాలలోని నత్తలు దీని ముఖ్య ఆహారం. గ్రామస్థులు దీని రాకను శుభంగా భావించి హాని చేయరు. చాలామంది దీనిని సైబీరియా పక్షి అంటారు. కాని ఈ జాతి కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలలోనే జీవిస్తుంది. తేలుకుంచి చింతచెట్టు మీద పుట్టిన కొంగపిల్ల అతిథి ఎలా అవుతుంది? అది ఆ ఊరి బిడ్డే.

ఇలా ఏ పక్షి ఎక్కడ గూడు కడుతున్నదో వెదికి, పటం మీద గుర్తించే పనిని ప్రపంచంలో చాలాచోట్ల సామాన్య ప్రజలే చేస్తున్నారు. 1968 నుండి 1972 వరకు బ్రిటన్, ఐర్లండు దేశాలలో వేలాది స్వచ్ఛంద సేవకులు ఈ పనికి పూనుకొన్నారు. దేశపటాన్ని పది కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో తిరిగి వివరాలు రాశారు. ఆ పటాల గ్రంథం 1976లో వెలువడింది. మన దేశంలో కేరళ రాష్ట్రమంతటా 2015 నుండి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా తిరిగి పక్షుల పటాలకు సమాచారం సేకరించారు.

గూళ్ల సర్వేలో కంటికి కనిపించినదంతా ఒకే విలువతో రాయరు. గూడు కట్టే కాలంలో అనువైన చోట మగపక్షి కూత వినిపిస్తే 'ఉండవచ్చు' అని రాస్తారు. జంట కలిసి తిరుగుతూ ఒకే చోటును కాపాడుకొంటుంటే 'బహుశా ఉన్నది' అంటారు. ముక్కున మేత పట్టుకొని పిల్లల దగ్గరకు వెళ్లడం వంటివి చూస్తేనే 'నిశ్చయం' అని రాస్తారు. ఇంత జాగ్రత్త ఎందుకు? తాటిమట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లను గమనించండి. మగ గిజిగాడు గూటిని సగం అల్లి ఆడపక్షిని పిలుస్తుంది. ఆడపక్షికి నచ్చితేనే గూడు పూర్తవుతుంది. నచ్చకపోతే అలాగే మిగిలిపోతుంది. చెట్టుకు ఇరవై గూళ్లు వేలాడినా ఇరవై సంసారాలు ఉన్నట్లు కాదు. కోయిల సంగతి మరీ విచిత్రం. అది గూడే కట్టదు. కాకి గూటిలో గుడ్డు పెడుతుంది. కాబట్టి కోయిల పిల్లను కాకి గూటి దగ్గరే వెదకాలి.

గూళ్లను వెదికేవారికి ఓర్పుతో పాటు నియమం కూడా అవసరం. గూటి దగ్గరకు పోకూడదు, కొమ్మలు వంచకూడదు, గుడ్లు ముట్టకూడదు. మనిషి అలికిడికి తల్లిపక్షి లేచిపోతే గుడ్లు ఎండకు చెడిపోతాయి. కాకులు, పాములు ఆ సందు కోసమే కాచుకొని ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపక్షుల గుడ్లు తీయడం, గూళ్లు చెరచడం నేరం.

సామాన్యులు సేకరించిన సమాచారం ఏమి తేల్చగలదో పిచ్చుక కథ చెబుతుంది. పిచ్చుకలు దేశమంతటా మాయమవుతున్నాయని జనం అనుకొనేవారు. 2012లో ఐదువేలమందికి పైగా తమ ఊళ్లలో పిచ్చుకలు ఉన్నదీ లేనిదీ తెలియజేశారు. ఆ తరువాత, పక్షి పరిశీలకులు ఏళ్లతరబడి రాసిన వివరాలతో 2020లో ఒక జాతీయ నివేదిక వెలువడింది. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగా ఉన్నదనీ, మహానగరాలలో మాత్రం తగ్గిందనీ అది తెలిపింది. పెంకుటింటి చూరులో, గోడ సందులో పిచ్చుకకు చోటు దొరుకుతుంది. నున్నని సిమెంటు గోడలో ఎక్కడ దొరుకుతుంది? గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి సమీపాన ఉన్న పురుణాబంధ గ్రామ యువకులు దీనికి ఒక ఉపాయం చేశారు. సముద్రపు తాబేళ్ల గుడ్లను కాపాడే ఆ చేతులే పిచ్చుకల కోసం ఇళ్ల ముందు మట్టికుండలు వేలాడగట్టాయి.

తూర్పు తీరాన పటం అవసరం మరింత ఎక్కువ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. రెండుసార్లూ లెక్కలేనన్ని చెట్లు కూలాయి. కూలిన ఇళ్లకు పంచాయతీలో లెక్క ఉంటుంది. కూలిన గూళ్లకు లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? ముందుగా పటం గీసి ఉంచితేనే ఏ చెట్టుతో ఏ పక్షి నీడ పోయిందో తెలుస్తుంది. ఏ చెట్టును తిరిగి ఎక్కడ నాటాలో కూడా తెలుస్తుంది. రోడ్డు వెడల్పు చేసేవారికి, 'ఈ మర్రి తొర్రలో చిలుకలు పిల్లలను పెంచుతున్నాయి' అని ఆధారంతో చెప్పవచ్చు.

ఈ పనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, మీ వీధి పటం చాలు. చెరువుగట్టు బొరియలో లకుముకిపిట్ట, బీడునేల మీద తీతువుపిట్ట, మొండి తాటిచెట్టు తొర్రలో పాలపిట్ట కనిపించవచ్చు. తేదీ, చోటు, చూసిన విషయం ఉన్నవి ఉన్నట్లు రాయండి. చూడనిది రాయకండి. ఏటా అదే చోట చూసి రాస్తే, ఆ పుస్తకం మీ ఊరి పక్షుల జనాభా లెక్క అవుతుంది.