మీకు తెలుసా? కొందరి ముంజేతిలో మూడో ధమని

గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే నాళాలైన ధమనుల అమరిక అందరి చేతుల్లోనూ ఒకేలా ఉండదు. సాధారణంగా పైచేతిలోని బ్రేకియల్ ధమని మోచేతి మడతకు కాస్త దిగువన రెండుగా చీలి, బొటనవేలి వైపు రేడియల్ ధమనిగా, చిటికెనవేలి వైపు అల్నార్ ధమనిగా సాగుతుంది. కొందరిలో రేడియల్ ధమని పైచేతిలోనే, అరుదుగా చంకలోనే విడివడుతుంది.

వీటన్నిటికంటే ఆసక్తికరమైనది మీడియన్ ధమని. పిండదశలో ముంజేతికి రక్తం అందించే ఈ నాళం, తక్కిన రెండూ ఎదిగేకొద్దీ, సుమారు ఎనిమిదో వారానికల్లా క్షీణించాలి. అయినా అనేకులలో జీవితాంతం నిలిచిపోతుంది. 1880ల మధ్యకాలంలో పుట్టినవారిలో దాదాపు 10 శాతం మందికి ఉన్న ఈ ధమని, ఇరవయ్యో శతాబ్దం చివరికి పుట్టినవారిలో దాదాపు 30 శాతానికి చేరిందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రకటించారు. ఇది చేతికి అదనపు రక్తాన్ని అందించినా, మణికట్టులోని ఇరుకైన మార్గమైన కార్పల్ టన్నెల్‌లో మీడియన్ నాడి పక్కనే ఉండటం వల్ల, ఆ నాడి నొక్కుకుపోయి వేళ్లలో తిమ్మిరి, నొప్పి కలగడానికి ఒక కారణం కాగలదు.

అన్నిటిలోకీ ప్రమాదకరమైన తేడా మాత్రం అల్నార్ ధమని ముంజేతి కండరాల మీదుగా, చర్మానికి దగ్గరగా సాగడమే. దానిని సిరగా పొరబడి మందు ఎక్కిస్తే వేళ్లు కుళ్లిపోయే స్థితి రావచ్చు. అందుకే సూది గుచ్చే ముందు ఆ నాళం కొట్టుకుంటోందేమో వేలితో తాకి చూడటం తప్పనిసరి.