బోద కొట్టం పోయి మిద్దె ఇల్లు - అదీ ఆమె పేరిట!

అనంతపురం జిల్లాలో వాన కోసం ఎదురుచూడని మనిషి ఉండడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా కురిసే ఆ కొద్దిపాటి వానే ఇక్కడి వేరుశనగకు ఆధారం. జూలై సగమైనా మబ్బు పట్టకపోతే పల్లెల్లో కప్పలకు పెళ్లిళ్లు చేస్తారు, గుళ్లలో జపాలు చేయిస్తారు. అలాంటి సీమలోనే, మబ్బు కమ్మిందంటే గుండె జారిపోయే కుటుంబాలు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. చేనుకు వాన కావాలి, ఇంటికి మాత్రం వద్దు. బోద కొట్టాల్లో, పాతబడిన మట్టి మిద్దెల్లో కాపురం చేసేవాళ్ల కష్టం అది.

మట్టి మిద్దె సంగతి ఈ జిల్లా వాళ్లకు చెప్పనక్కరలేదు. రాతి గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపై కంప పరిచి మట్టి మెత్తి, ఆపైన చవుడు పోసి తొక్కేవారు. చవుడు నీటిని కిందికి దిగనివ్వదు. ఎండాకాలంలో అంత చల్లని ఇల్లు మరొకటి లేదు. కాని దానికి ఏటా సేవ చేయాలి. తొలకరికి ముందే కొత్త చవుడు గంపలతో పైకి మోయాలి, కప్పు మీద మొలిచిన గడ్డి పీకాలి, గవాక్షి చుట్టూ సరిచూసుకోవాలి. ఉన్నవాడు మనుషులను పెట్టి చేయించుకునేవాడు. రోజూ కూలికి పోయేవాడికి ఆ తీరిక ఎక్కడిది? బండెడు చవుడు ఎక్కడిది? నాలుగేళ్లు పట్టించుకోకపోతే దూలానికి చెదలు పడుతుంది. ఆ తర్వాత ఏ ఏడాదో మూడు రోజులు ముసురు పట్టిందంటే కప్పు మీది మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. పగలు కూలితే సామాను పోతుంది. రాత్రి కూలితే ప్రాణాలే పోతాయి. అందుకే ముసురు పట్టిన రాత్రి పిల్లలను తీసుకుని గుడి అరుగు మీదనో, బడి వసారాలోనో పడుకునే కుటుంబాలు ఉండేవి.

బోద కొట్టానికి కూలే భయం తక్కువ, కాలే భయం ఎక్కువ. పొయ్యి లోపలే. ఎండాకాలం గాలికి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే వరసగా కొట్టాలన్నీ బూడిదే. ఇక తేళ్లు, పాముల సంగతి సరే సరి.

లెక్కకు రాని నిలువ నీడ

ఇల్లు లేనివాళ్లు అనగానే పట్నంలో రోడ్డు పక్క పడుకునేవాళ్లు గుర్తొస్తారు. సర్కారు లెక్క కూడా అదే. 2011 జనగణనలో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేల పైచిలుకు అని తేలింది. రోడ్ల పక్కన, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, వంతెనల కింద, గుడి మండపాల్లో తల దాచుకునేవారే ఆ లెక్కలోకి వస్తారు. పల్లెలో మూడడుగుల గుమ్మంలోంచి వంగి దూరే కొట్టం ఉన్నా అది ఇల్లు కిందే జమ. ఒకే కొట్టంలో ఇద్దరు అన్నదమ్ముల కాపురాలు ఉన్నా అంతే.

అసలు చిక్కు గోడల్లో లేదు, గోడల కింది నేలలో ఉంది. కూలి చేసుకునే కుటుంబాలు చాలావాటికి కొట్టం వేసుకున్న జాగా తమది కాదు. అది రైతు కళ్లం పక్కన విడిచిన మూల కావచ్చు, వంక గట్టున పోరంబోకు కావచ్చు. రైతు జాగాలో కొట్టం ఉన్నవాడి కూలి ముందు ఆ రైతు చేనికే. పక్క చేనిలో అర్ధ రూపాయి ఎక్కువ ఇస్తామన్నా పోవడానికి లేదు. మాట తేడా వస్తే కూలి ఒక్కటే కాదు, గూడూ పోతుంది. వెట్టిచాకిరిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. కాని నిలువ నీడ మరొకరి నేల మీద ఉన్నంతకాలం ఆ చట్టాన్ని నోటితో పలకడం కూడా కష్టమే అయ్యేది.

తాలూకాల కాలంలో వచ్చిన ట్రస్టు

ఈ జిల్లాలో ఇంకా తాలూకాలు, సమితులు నడుస్తున్న రోజుల్లో, 1969లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలైంది. ఆ పూర్తి పేరు పల్లెల్లో ఎవరూ పలకరు. ఆర్.డి.టి. అంటే చాలు. దాన్ని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ దేశస్థుడు. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత బావులు తవ్వించారు. ఆ పని అక్కడి పెద్దలు కొందరికి నచ్చలేదు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వులు వచ్చాయి. దాన్ని నిరసిస్తూ వేలాది రైతులు బొంబాయికి నడిచిపోయారు. ఇందిరాగాంధీ జోక్యంతో ఆయన మరుసటి ఏడాదే తిరిగి రాగలిగారు. ఈసారి ఆయనకు చోటిచ్చింది ఆంధ్రప్రదేశ్, అందులోనూ అందరూ కరువు జిల్లా అని ముఖం తిప్పుకునే అనంతపురం. 1970లో మతగురువు హోదాను వదులుకుని, పాత్రికేయురాలైన ఆన్ పెర్రీని వివాహం చేసుకున్నారు. అయినా పల్లె జనానికి ఆయన చివరిదాకా ‘ఫాదరే’.

బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఆసుపత్రులు - ట్రస్టు చేపట్టిన పనులు చాలా ఉన్నాయి. బత్తలపల్లి ఆసుపత్రి పేరు పక్క జిల్లాల వాళ్లకూ తెలుసు. కాని దళితవాడల్లో, సుగాలి తండాల్లో కళ్లకు కట్టినట్టు కనబడే పని ఇళ్లే. దశాబ్దాలుగా కడుతూ వచ్చిన ఆ ఇళ్ల లెక్క పదుల వేలల్లో ఉంది. ఊరి చివర ఒకే తీరుగా ఉన్న ఇళ్ల వరస కనిపిస్తే అది ఏ కాలనీ అని అడగనక్కరలేని గ్రామాలు ఈ జిల్లాలో ఎన్నో. అటు నల్లమలలో చెంచు గూడేలకు కూడా ఈ పని పాకింది.

ఇల్లు వచ్చే పద్ధతి మాత్రం చెప్పుకోదగ్గది. ముందు స్థలం కావాలి. అది ప్రభుత్వం ఇవ్వాలి, పట్టా చేతికి రావాలి. పట్టా లేని నేల మీద గోడ లేపితే రేపు ఎవరైనా వచ్చి ఇది మాది అంటారు. ఆ తర్వాత సామాను, మేస్త్రీల ఖర్చు ట్రస్టుది. పునాది తవ్వడం వంటి పనుల్లో ఇంటివాళ్ల చెయ్యి పడాలి. ఊరికే వచ్చిన ఇల్లు అనిపించుకోకుండా ఉండటానికి అది మంచిదే. తన చేత్తో రాయి మోసిన గోడకు బీట పడితే మనిషి ఊరుకోడు.

పత్రం మీద ఎవరి పేరు?

ఈ ఇళ్లలో మిగతా అన్నిటికంటే పెద్ద సంగతి ఒకటుంది. ఇల్లు ఇంటావిడ పేరున రాస్తారు.

చూడటానికి ఇది చిన్న గీత. పల్లె కాపురం తెలిసినవాళ్లకు ఆ గీత బరువు తెలుస్తుంది. కరువు ఏడాదిలో మొదట అమ్ముడుపోయేది మేకలు. తర్వాత చెవి కమ్మలు. ఆ పైన అప్పులవాడు ఇంటి గుమ్మం వైపు చూస్తాడు. పత్రం మగవాడి పేరున ఉంటే, సారా అంగడి దగ్గర వేసిన వేలిముద్రతో ఇల్లు తాకట్టులోకి పోవచ్చు. ఆమె పేరున ఉంటే ఆమె సంతకం కావాలి, ఆమె నలుగురిలో కూర్చుని ‘సరే’ అనాలి. అంతదాకా వచ్చేసరికి చాలా వ్యవహారాలు ఆగిపోతాయి. మొగుడు కోపంలో ‘నా ఇంట్లోంచి పో’ అనే మాట కూడా నోట్లోనే ఉండిపోతుంది. ఆ ఇల్లు అతనిది కాదు మరి.

కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమంగా వాటా ఇస్తూ రాష్ట్రంలో 1986లో చట్టం చేశారు. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. గొప్ప చట్టమే. అయితే అది తాతముత్తాతల ఆస్తి ఉన్నవాళ్లకు. వాటా పంచుకోవడానికి గుంట నేల కూడా లేని ఇంటి ఆడపడుచుకు ఆ చట్టం ఏమిస్తుంది? ఆమె పేరున మొదటిసారి ఒక ఆస్తి రాసింది ఈ రెండు మూడు సెంట్ల ఇంటి పత్రమే. ప్రభుత్వ గృహ పథకాల్లోనూ భార్య పేరున గాని, ఇద్దరి పేరున గాని ఇల్లు ఇవ్వాలనే నిబంధన ఇందిరా ఆవాస్ నాటి నుంచీ ఉంది. 2020 డిసెంబరు నుంచి రాష్ట్రంలో పంచిన ఇళ్ల పట్టాలూ మహిళల పేరుతోనే ఇచ్చారు. నిబంధన ఉండటం వేరు, కట్టే ప్రతి ఇంటికీ దాన్ని పట్టుకుని వేలాడటం వేరు.

అంతా తీరిపోయిందా?

తీరలేదు. సిమెంటు కప్పు వానకు కారదు, నిజమే. కాని ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఈ ఎండకు అది పెనంలా కాలుతుంది. మట్టి మిద్దె చల్లదనం ఎరిగిన ముసలివాళ్లు పగలంతా వేపచెట్టు కిందే కాలక్షేపం చేస్తారు, రాత్రి మంచం వాకిట్లో వేసుకుంటారు. మేకలకు చోటు చాలదు. సర్కారు ఇచ్చే స్థలం ఎప్పుడూ ఊరి అంచునే దొరుకుతుంది కాబట్టి, వాడ వాడగానే మిగిలింది. గోడలు మారాయి గాని ఊరికి ఏ దిక్కున ఉండేవాళ్లు ఆ దిక్కునే ఉన్నారు. దానికి ట్రస్టును తప్పు పట్టడం న్యాయం కాదు. స్థలం చూపించేది వేరే వాళ్లు.

ఇంకొకటి - కరువు ఏడాదుల్లో ఇంటికి తాళం వేసి బెంగుళూరుకు పోయేవాళ్లు. అక్కడ అంతస్తుల మీద అంతస్తులు కట్టి, కట్టే భవనం పక్కనే రేకుల షెడ్డులో పడుకుంటారు. అయితే పండుగకు తిరిగొస్తే తాళం తీసుకునే గుమ్మం ఒకటి ఊళ్లో ఉంది. ముందటి తరానికి అది కూడా లేదు.

డబ్బు సంగతి కూడా చూడాలి. ట్రస్టు పనులకు పెద్ద ఆధారం స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు నెలనెలా పంపే విరాళం. 1996లో అక్కడ ఇందుకోసమే ఫెర్రర్ పేరున ఒక సంస్థ ఏర్పడింది. విదేశీ విరాళం రావాలంటే కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. 2025లో ఆ అనుమతి విషయంలో చిక్కు వచ్చినప్పుడు జిల్లాలో జనం వీధుల్లోకి వచ్చారు. ఆర్.డి.టి. కట్టిన ఇంట్లో పుట్టి, దాని బడిలో చదివినవాళ్లు వాళ్లలో ఉన్నారు. దూరదేశం దయ మీద ఎంతకాలం అనే ప్రశ్న ట్రస్టుకూ కొత్తది కాదు. ఇల్లిల్లూ రోజుకో రూపాయి వేసే హుండీలను పల్లెల్లో పంచింది అందుకే.

ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశారు. బత్తలపల్లిలో సమాధి చేసిన నాడు వచ్చిన జనానికి అంతు లేదు. 2022లో జిల్లా రెండయ్యాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. కాలనీలు రెండు వైపులా ఉన్నాయి.

తొలినాళ్లలో ఇల్లు అందుకున్న ఆడవాళ్లు ఇప్పుడు అవ్వలు. వాళ్లు కొత్త కోడళ్లుగా అడుగుపెట్టిన ఆ ఒక్క గదిలోకి ఇద్దరు కోడళ్లు వచ్చారు, మనవలు పుట్టారు. వసారాకు రేకులు దించి ఒక కొడుకు కాపురం పెడితే, రెండోవాడు తల్లి ఇంటి వెనకే కొట్టం వేసుకున్నాడు. రెండు సెంట్లను ముగ్గురు పంచుకుంటే ఎవరికీ మంచం పట్టదు. చిన్న కోడలు స్థలం కోసం తన పేరున అర్జీ రాయించి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. అత్త పట్టా జిరాక్సు కూడా అర్జీకి జత చేసింది. ఈ ఇల్లు నాది కాదు, మా అత్తది అని చూపించడానికి.